ఏ లెన్స్‌కి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు: కొనేముందు తేల్చుకునే పద్ధతి

కొత్త లెన్స్ కొనాలన్న ఆలోచన ఒకసారి మొదలైతే రివ్యూలు, పోలిక వీడియోలు, ధరలు చూడటంలోనే వారాలు గడిచిపోతాయి. అంత చూసినా చాలామంది చూడనిది ఒకటి ఉంటుంది: తాము ఇప్పటికే తీసిన ఫోటోలు. మీకు ఏ లెన్స్ కావాలో చెప్పే సమాచారం దాదాపు అంతా మీ హార్డ్‌డిస్క్‌లోనే ఉంది.

నా లెక్కలో లెన్స్ అప్‌గ్రేడ్‌లు రెండు రకాలు. ఇంతవరకు మీ చేతికి చిక్కని ఫోటోని సాధ్యం చేసేవి మొదటి రకం. ఇప్పటికే బాగా వస్తున్న ఫోటోని ఇంకాస్త బాగా తీసేవి రెండో రకం. డబ్బు ముందు మొదటి రకానికే వెళ్లాలి. రెండో రకంలో ధర చాలా పెరుగుతుంది, ఫోటోలో కనిపించే తేడా మాత్రం చాలా తక్కువ. మీరు మనసుపడ్డ లెన్స్ ఇందులో ఏ రకమో తేల్చుకోవడమే అసలు పని.

మొదటి పని: పక్కన పడేసిన ఫోటోలు బయటికి తీయండి

గత ఏడాదిలో మీరు మనసుపెట్టి తీసి, చివరికి ఎవరికీ చూపించకుండా వదిలేసిన ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి. ముప్పై నలభై ఉన్నా చాలు. ఒక్కో ఫోటోని 100 శాతం సైజులో తెరిచి, ఎందుకు పాడైందో ఒక్క ముక్కలో రాసుకోండి. విసుగ్గానే ఉంటుంది, కానీ ఈ పని దాటేస్తే ఆ తర్వాత చేసేదంతా ఊహే అవుతుంది.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది బ్లర్. అన్ని బ్లర్‌లూ ఒకటి కాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. స్టేజీ మీద డాన్స్ చేస్తున్న పిల్ల ఫోటో. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌తో 55 ఎంఎం దగ్గర, అంటే జూమ్ చివర, తీశారు. వివరాలు తెరిస్తే అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్/5.6, షటర్ స్పీడ్ 1/60 సెకను, ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే సెట్టింగ్) 6400 అని ఉంది. పెద్దది చేసి చూడండి. వెనక కట్టిన తెర మడతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పిల్ల పాదాలు నేల మీద ఉన్నాయి కాబట్టి అవి కూడా దాదాపు బాగానే ఉన్నాయి. చేతులు, జడ మాత్రం చెదిరిపోయాయి. అంటే మీ చెయ్యి వణకలేదు, ఫోకస్ కూడా తప్పలేదు. పిల్ల కదిలిన వేగానికి 1/60 చాలలేదు, అంతే.

ఇప్పుడు లెక్క సులువు. ఐఎస్ఓ పెంచకుండా అదే వెలుతురులో ఎఫ్/2.8 జూమ్ ఉండి ఉంటే షటర్ స్పీడ్ 1/250 దాకా వెళ్లేది. జూమ్ లేని ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ అయితే ఎఫ్/5.6 కంటే పది రెట్లకు దగ్గరగా వెలుతురు లోపలికి వస్తుంది, అంటే ఇంచుమించు 1/600. మెల్లగా సాగే ముద్రలకు 1/250 సరిపోవచ్చు, గెంతులూ గిరికీలూ పట్టాలంటే 1/500 పైన ఉండాలి. ఇదే ఫోటో చూసి ఎవరైనా “స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్ కొనుక్కో” అని సలహా ఇస్తే ఆ డబ్బు వృథా. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు.

తెరతో సహా ఫ్రేమ్ మొత్తం ఒకే దిక్కుకి సాగినట్టు ఉంటే అది చేతి వణుకు. దానికి స్టెబిలైజేషనో ట్రైపాడో కావాలి. పిల్ల మసకగా ఉండి వెనక తెర మాత్రం పదునుగా ఉంటే, కదలికతో పాటు ఫోకస్‌ని కూడా అనుమానించాలి. కదలకుండా నిల్చున్నప్పుడు తీసిన ఫోటోలు కూడా అలాగే ఉంటే అది ఫోకస్ తప్పే. అలాంటివి ఎక్కువగా ఉంటే ముందు సెట్టింగ్‌లు సరిచూసుకోండి. కెమెరా తనకు నచ్చిన ఫోకస్ పాయింట్ తీసుకునే మోడ్‌లో వదిలేసినా, కదిలే మనిషి మీద ఒక్కసారి ఫోకస్ చేసి ఆగిపోయే సింగిల్ ఫోకస్ వాడినా ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఇదే ఫలితం ఇస్తుంది.

మిగతా కారణాలు తేలిగ్గానే తెలిసిపోతాయి. పక్షి ఫ్రేమ్ మధ్యలో చుక్కలా ఉందంటే ఫోకల్ లెంగ్త్ (ఎంఎంలలో చెప్పేది, పెరిగేకొద్దీ దూరానివి పెద్దగా కనిపిస్తాయి) చాలలేదు. గోడకి వీపు ఆనించి నిలబడినా గది మొత్తం పట్టలేదంటే ఇంకా వైడ్ (ఎక్కువ వెడల్పు చూపే) లెన్స్ కావాలి. మిట్టమధ్యాహ్నం ఎండకి ముఖాల మీద గట్టి నీడలు పడ్డాయి, వెనకాల కరెంటు స్తంభం తలలోంచి మొలిచినట్టుంది అని రాసుకున్నారా? ఈ పద్దులో వచ్చే ఫోటోలకి లెన్స్ మందు కాదు. చాలామంది జాబితాలో ఇవే ఎక్కువగా ఉంటాయి. అదే మీ పరిస్థితి అయితే కొనడం కొంతకాలం ఆపండి.

రెండో పని: పైసా ఖర్చు లేకుండా సర్దుకునేవి సర్దేయండి

ఆటో ఐఎస్ఓలో కనీస షటర్ స్పీడ్ పెట్టుకునే సౌకర్యం ఇప్పటి కెమెరాల్లో చాలావాటికి ఉంటుంది. దాన్ని 1/250 దగ్గర పెట్టి, ఐఎస్ఓ ఎంత పెరిగితే అంత పెరగనివ్వండి. గ్రెయిన్ (నాయిస్ అనే చుక్కలు) ఉన్న పదునైన ఫోటో పనికొస్తుంది, గ్రెయిన్ లేని చెదిరిన ఫోటో పనికిరాదు. పైగా ఇప్పటి నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్‌లు రా ఫైల్‌ని (కెమెరా ప్రాసెస్ చేయకుండా దాచిన ఫైల్) బాగా శుభ్రం చేస్తున్నాయి. ఒక స్టాప్ (అంటే రెట్టింపు) వెలుతురు కోసం పెద్ద మొత్తం పెట్టబోయే ముందు మీ పాత రా ఫైల్ ఒకటి అందులో వేసి చూడండి. ఫలితం మీకు నచ్చితే ఆ ఒక స్టాప్ మీకు వచ్చేసినట్టే.

ప్రకృతి దృశ్యాలు, భవనాలు తీసేవాళ్లకి పెద్ద అపర్చర్ అవసరమే పెద్దగా రాదు. ఎఫ్/8 దగ్గర కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి తీస్తే మామూలు కిట్ లెన్స్ కూడా ఆశ్చర్యపోయేంత పదునుగా తీస్తుంది. ఇంట్లో మనుషుల్ని తీసేవాళ్లకి సీలింగ్ మీదికి తిప్పి కొట్టే ఫ్లాష్ ఒకటి ఉంటే, ఎఫ్/1.4 లెన్స్ ఇచ్చేదానికంటే ఎక్కువ మేలు జరుగుతుంది. ఎందుకంటే అది వెలుతురుని పెంచడమే కాదు, మెత్తగా పరుస్తుంది కూడా. లెన్స్ ముందు అద్దం మీద వేలిముద్రలు, చవక ఫిల్టర్ మీద జిడ్డు కూడా తుడిచి చూడండి. “లెన్స్‌లో కాంట్రాస్ట్ లేదు” అన్న ఫిర్యాదు కొన్నిసార్లు అక్కడితోనే తీరిపోతుంది.

మూడో పని: మీరు ఏ ఫోకల్ లెంగ్త్‌లో బతుకుతున్నారో లెక్క తీయండి

ప్రతి ఫోటో ఫైల్‌లోనూ అది ఎన్ని ఎంఎం దగ్గర తీసిందో నమోదై ఉంటుంది. లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్‌లో మెటాడేటా ఫిల్టర్ తెరిస్తే ఫోకల్ లెంగ్త్ వారీగా ఎన్ని ఫోటోలున్నాయో చూపిస్తుంది. అది లేకపోతే డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వెతకవచ్చు. తీసినవన్నీ లెక్కపెట్టొద్దు, మీకు నచ్చి దాచుకున్నవి మాత్రమే చూడండి.

18-55 లెన్స్ వాడేవాళ్లకి సాధారణంగా 18 దగ్గర ఒక గుట్ట, 55 దగ్గర ఇంకో గుట్ట కనిపిస్తాయి. దాన్ని చూసి వైడ్ ఒకటి, టెలీ (దూరానివి దగ్గరగా చూపేది) ఒకటి కావాలని వెంటనే తేల్చేయకండి. జూమ్‌ని ఈ చివరకో ఆ చివరకో తిప్పేయడం చాలామందికి చేతి అలవాటు. అవసరం నిజమా అలవాటా అన్నది తెలియాలంటే 55 దగ్గర తీసినవాటిని ఆ తర్వాత ఎంత క్రాప్ చేశారో చూడండి. వెడల్పులో సగానికి క్రాప్ చేశారంటే ఆ దృశ్యానికి మీకు 110 ఎంఎం కావాల్సి వచ్చిందన్నమాట. 24 మెగాపిక్సెల్ ఫోటో అలా కోస్తే 6 మెగాపిక్సెల్ మిగులుతుంది. ఫోన్‌లో చూడటానికి, చిన్న ప్రింట్‌కి అది చాలు. కాబట్టి ఆ మాత్రం క్రాప్‌తో సరిపోతుంటే టెలీ లెన్స్‌కి తొందర లేదు. అంతకు మించి కోయాల్సి వస్తోందా, అప్పుడు 55-250 లేదా 70-300 తరహా లెన్స్ మీకు నిజంగా కొత్త ఫోటోలు ఇస్తుంది. ఇవి కెమెరా కంపెనీవే తక్కువ ధరలో దొరుకుతాయి, బరువు కూడా తక్కువ. పగటి వెలుతురులో పనికి ఏ లోటూ ఉండదు.

వైడ్ వైపు లెక్క వేరు. అక్కడ ఒక్కో ఎంఎంకి విలువ ఎక్కువ. ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ సైజు సెన్సర్) మీద 28 ఎంఎం లెన్స్ మూల నుంచి మూలకి 75 డిగ్రీలు చూస్తుంది, 24 ఎంఎం అయితే 84 డిగ్రీలు. నాలుగు ఎంఎంలకే తొమ్మిది డిగ్రీలు. అదే 300 నుంచి 304కి వెళితే ఎవరూ కనిపెట్టలేరు. అందుకని 18తో మొదలయ్యే జూమ్‌కీ 16తో మొదలయ్యేదానికీ మధ్య తేడాని “రెండు ఎంఎంలే కదా” అని తీసిపారేయకండి. అలాగని అల్ట్రా వైడ్ లెన్స్‌ని ఆవేశంలో కొనొద్దు. కొన్న కొత్తలో మోజుగా వాడి, తర్వాత బ్యాగులోనే వదిలేసే లెన్స్‌ల్లో నేను చూసినంతలో దీనిదే మొదటి స్థానం. దగ్గరికి వెళ్లి, ముందు భాగంలో ఏదో ఒకటి పెట్టి ఫ్రేమ్ కట్టడం తెలియకపోతే ఆ ఫోటోలన్నీ ఖాళీగా కనిపిస్తాయి.

గుట్ట మధ్యలో, 30-35 దగ్గర ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వాళ్లకి కావాల్సింది చిన్న 35 ఎంఎం ప్రైమ్, దాని ధర కూడా అందుబాటులోనే ఉంటుంది.

నాలుగో పని: సెన్సర్ సైజు లెక్కలోకి తీసుకోండి

“మొదట 50 ఎంఎం ఎఫ్/1.8 కొను” అన్న సలహా ఫిల్మ్ రోజుల నుంచి వస్తోంది. ఆ ఫిల్మ్ ఫ్రేమ్ మీద 50 ఎంఎం చూపు సహజంగా ఉండేది. అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సి సెన్సర్ మీద అదే లెన్స్ నికాన్, సోనీ, ఫుజీ కెమెరాల్లో 75 ఎంఎంలా, కెనాన్‌లో 80 ఎంఎంలా చూస్తుంది. ఇంకా చిన్న సెన్సర్ అయిన మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 100 ఎంఎంలా చూస్తుంది. పోర్ట్రెయిట్‌కి అది చక్కగా ఉంటుంది. చిన్న గదిలో పిల్లల్ని తీయాలంటే మాత్రం వెనక్కి జరిగి జరిగి గోడకి తగులుతారు. ఇంట్లో వాడకానికే అయితే ఏపీఎస్-సి కెమెరాకి 35 ఎంఎం సరైనది.

తేల్చుకోలేకపోతే మీ కిట్ లెన్స్‌ని 35 దగ్గర పెట్టి, జూమ్ రింగ్ తిరగకుండా చిన్న టేపు ముక్క అంటించండి. ఒక వారం అలాగే తీయండి. తర్వాతి వారం 50 దగ్గర అంటించండి. ఏ వారం చెయ్యి టేపు పీకేయాలని తహతహలాడిందో అది మీ లెన్స్ కాదు.

ఐదో పని: ధర దేనికి పెరుగుతోందో చూడండి

కిట్ లెన్స్ నుంచి ఎఫ్/1.8 ప్రైమ్‌కి వెళ్లడం లెన్స్‌ల లోకంలో అన్నిటికంటే లాభసాటి బేరం. 55 ఎంఎం దగ్గర మూడు స్టాప్‌లకు పైగా వెలుతురు పెరుగుతుంది, వెనకాల మసకబారడం మొదటిసారి కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ వచ్చేది తగ్గుతుంది, పెట్టేది పెరుగుతుంది. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/1.4కి వెళితే స్టాప్‌లో మూడింట రెండు వంతులు: ఐఎస్ఓ 3200 వాడేచోట 2000 వాడతారు. ఎఫ్/1.4 నుంచి ఎఫ్/1.2కి స్టాప్‌లో సగం కూడా లేదు.

బరువు చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. కెనాన్ ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ 160 గ్రాములు. అదే మౌంట్‌కి (కెమెరాకి లెన్స్ బిగించే అమరిక) వచ్చే 50 ఎంఎం ఎఫ్/1.2 లెన్స్ 950 గ్రాములు. ఆ లెన్స్ గొప్పదే, అందులో సందేహం లేదు. పూర్తిగా తెరిచినా మూలల దాకా పదునుగా ఉంటుంది, తుంపరకీ దుమ్ముకీ తట్టుకునేలా సీలింగ్ ఉంటుంది. డబ్బు తీసుకుని చీకట్లో పెళ్లిళ్లు తీసేవాళ్లకి అవన్నీ అవసరం. దగ్గరి పోర్ట్రెయిట్‌లో మాత్రం ఎఫ్/1.2 దగ్గర ఒక కన్ను పదునుగా ఉండి రెండోది మసకబారుతుంది కాబట్టి, చివరికి చాలామంది ఎఫ్/2 దగ్గరే తీస్తుంటారు. ఆ ఎఫ్/2ని చిన్న లెన్స్ కూడా ఇస్తుంది.

ఎఫ్/4 జూమ్‌కీ ఎఫ్/2.8 జూమ్‌కీ తేడా సరిగ్గా ఒక స్టాప్. కెనాన్ ఈఎఫ్ 70-200 చివరి తరంలో ఎఫ్/4 లెన్స్ 780 గ్రాములు, ఎఫ్/2.8 లెన్స్ 1480 గ్రాములు. రోజంతా మెడలో వేలాడేది ఏదో ఆలోచించండి. ఇండోర్ ఆటలు, స్టేజీ కార్యక్రమాలు తరచూ తీసేవాళ్లు ఎఫ్/2.8 తీసుకోవాలి, వాళ్లకి అది మొదటి రకం అప్‌గ్రేడే. ప్రయాణాలకి, పగటిపూట తీయడానికి ఎఫ్/4 హాయిగా సరిపోతుంది.

స్టాండర్డ్ జూమ్‌లో కిట్ లెన్స్ స్థానంలోకి ఎఫ్/2.8 కావాలనుకునేవాళ్లు కెమెరా కంపెనీ లెన్స్‌ల దగ్గరే ఆగిపోకండి. సిగ్మా 18-50 ఎఫ్/2.8 ఏపీఎస్-సి మిర్రర్‌లెస్ కెమెరాలకి చేసింది, బరువు 300 గ్రాముల లోపే. టామ్రాన్ 17-70 ఎఫ్/2.8 కాస్త పెద్దది, అయితే అటూ ఇటూ పరిధి ఎక్కువ. ఏ పేరు పలికితే గొప్పగా ఉంటుందన్నది కాదు, మీ మౌంట్‌కి దొరుకుతుందా, ఆటోఫోకస్ బాగా పనిచేస్తుందా అన్నవి చూడండి.

పదును పెరుగుతుందని మాత్రమే కొనేవాటిని నేను అన్నిటికంటే కిందికి తోస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో 1080 పిక్సెల్‌ల వెడల్పులో కనిపిస్తే, రెండు మంచి లెన్స్‌ల పదును మధ్య తేడా అక్కడ మిగలదు. పెద్ద ప్రింట్లు వేసేవాళ్లు, గట్టిగా క్రాప్ చేసే పక్షి ఫోటోగ్రాఫర్లు ఈ మాటకి మినహాయింపు. పాత వెర్షన్ చేతిలో ఉండగా అదే లెన్స్ కొత్త వెర్షన్‌కి మారడం కూడా ఈ కోవలోకే వస్తుంది. మాక్రో (అతి దగ్గరి నుంచి తీసే ఫోటోలు) మీద సరదా పుడితే ముందు లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కొని చూడండి. వాటిలో అద్దమే ఉండదు కాబట్టి చవక, సరదా నిలబడితే అప్పుడు మాక్రో లెన్స్ గురించి ఆలోచించవచ్చు.

ఆరో పని: మీ కెమెరాకి అది నిజంగా పనిచేస్తుందా?

మౌంట్ సరిపోయినంత మాత్రాన అంతా సరిపోయినట్టు కాదు. నికాన్ డి3000, డి5000 సిరీస్ కెమెరాల్లో ఫోకస్ మోటార్ ఉండదు, కాబట్టి సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డి లెన్స్‌లు బిగుసుకుంటాయి గానీ ఆటోఫోకస్ చేయవు. నికాన్ జెడ్ మిర్రర్‌లెస్ కెమెరాకి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా ఆ లెన్స్‌లది అదే పరిస్థితి. కెనాన్‌లో ఈ ఇబ్బంది తక్కువ: 1987 నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ (మిర్రర్‌లెస్) కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. మీది ఆర్ఎఫ్ కెమెరా అయితే పాత ఈఎఫ్ లెన్స్‌లని సెకండ్‌హ్యాండ్‌లో వెతకడం తెలివైన దారి.

“ఎప్పటికైనా ఫుల్ ఫ్రేమ్‌కి వెళతాను” అని ఏపీఎస్-సి కెమెరాకి ఫుల్ ఫ్రేమ్ 24-70 కొంటుంటారు. దాని 24 మీ కెమెరా మీద 36-38లా చూస్తుంది, అంటే వైడ్ చేతిలోంచి పోయినట్టే. పైగా అది బరువు. ఆ ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి తేదీ పెట్టుకుని ఉంటే తప్ప, ఇవాళ చేతిలో ఉన్న కెమెరాకే కొనండి. మంచి లెన్స్‌ని తర్వాత అమ్ముకోవచ్చు.

ఏడో పని: అద్దెకి తెచ్చి, పాత వైఫల్యాన్ని మళ్లీ ఎదుర్కోండి

అద్దెకి దొరికితే, లేదా స్నేహితుల దగ్గర ఉంటే, రెండు రోజులు తెచ్చుకోండి. పూలకుండీలు తీసి చూస్తే ఏ లెన్స్ అయినా బాగానే ఉంటుంది. మొదటి పనిలో రాసుకున్న జాబితా తీసి, మిమ్మల్ని ఎక్కువసార్లు ఓడించిన పరిస్థితిలోకే మళ్లీ వెళ్లండి: అదే హాలు, అదే సాయంత్రం వెలుతురు, అదే ఆట. ఇంటికొచ్చి, ఉంచుకోదగ్గవి ఎన్ని వచ్చాయో పాతవాటితో పోల్చండి. తేడా వెతుక్కోవాల్సి వస్తోందంటే ఆ లెన్స్ మీకు అక్కర్లేదు.

ఎనిమిదో పని: సెకండ్‌హ్యాండ్ అయితే టార్చి వెంట తీసుకెళ్లండి

లెన్స్‌లు కెమెరా బాడీల్లా త్వరగా పాతబడవు, అందుకే వాడినవి కొనడానికి నేను ఎప్పుడూ సిద్ధమే. రెండు మూతలూ తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. అక్కడక్కడా దుమ్ము నలుసులు కనిపిస్తే భయం లేదు, ఫోటోలో కనిపించవు. సాలెగూడులా సన్నని దారాలు అల్లుకుని ఉంటే అది ఫంగస్, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. లోపల పలుచగా పొగ పట్టినట్టుంటే లైటుకి ఎదురుగా తీసే ఫోటోలన్నీ పాలిపోతాయి. అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు, మౌంట్ చుట్టూ స్క్రూల తలలు అరిగి ఉండటం, జూమ్ తిప్పితే మధ్యలో పట్టేయడం, వీటిలో ఏది కనిపించినా వెనక్కి తగ్గండి. కెమెరాకి పెట్టి జూమ్ రెండు చివర్లలోనూ, దగ్గరా దూరం రెండింటికీ ఆటోఫోకస్ చేయించి చూడండి.

కొన్న తర్వాత మొదటి వారం

కొత్తదైనా పాతదైనా, వాపసు ఇచ్చే గడువు ఉండగానే పరీక్షించండి. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న ఒక బోర్డుని ఫ్రేమ్ నాలుగు మూలల్లోకీ ఒక్కోసారి తెచ్చి, ప్రతిసారీ దాని మీదే ఫోకస్ చేసి తీయండి. నాలుగు మూలల్లోనూ అక్షరాలు ఒకేలా కాస్త మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. మూడు మూలల్లో చక్కగా ఉండి ఒక మూల బాగా మసకబారితే లోపల అద్దం ఏదో పక్కకి జరిగి ఉంది. జూమ్ అయితే ఈ పరీక్ష రెండు చివర్లలోనూ చేయాలి. తేడా కనిపిస్తే ఇంకో రోజు మళ్లీ తీసి ఖాయం చేసుకుని, ఆ ఫోటోలు చూపించి లెన్స్ మార్చుకోండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. అన్ని పనులూ జాగ్రత్తగా చేసి ఎంచుకున్న లెన్స్‌లో సరైన పీసు మీ చేతికి రావాల్సిందే.